పరపతి పద్దు – ప్రజల హక్కు

తెలుగున పరపతి యను మాటకు రెండర్థములు కలవు. నలుగురిలోనుండు మంచిపేరు ఒకటి. అప్పు పుట్టించుకొను శక్తి మరియొకటి. పరిచయస్థుల నడుమ ఈ రెండును వేరు కావు. ఎరుగనివానికి అప్పీయవలసి వచ్చినప్పుడు మాత్రము, అతని పేరును మూడవవాడు వ్రాసి అమ్ము వ్యాపారము పుట్టినది. ఆ వ్రాతపై ప్రజలకు ఆగ్రహము కలుగుటకు కారణము లేకపోలేదు.

ఈ వ్యాపారమునకు అమెరికా పుట్టినిల్లు. 1837 నాటి ఆర్థిక సంక్షోభమున దెబ్బతిన్న న్యూయార్కు పట్టువర్తకుడు లూయిస్ టప్పన్ 1841లో మర్కంటైల్ ఏజెన్సీని స్థాపించెను. ఊరూరనుండు ప్రతినిధులు, అందును ముఖ్యముగా న్యాయవాదులు, స్థానిక వర్తకుల ఆస్తిని, నడతను గూర్చి వ్రాసి పంపెడివారు. చందాదారులకు ఆ సంగతులు తెలియుచుండెను. ఆ వ్రాతకు గురియైనవానికి మాత్రము తెలియకుండెను.

అట్లాంటాలో 1899లో వెలసిన రిటైల్ క్రెడిట్ కంపెనీ వంటి సంస్థలు సామాన్య కుటుంబముల అలవాట్లనుగూడ పద్దుకెక్కించినవి. 1950 తరువాత క్రెడిట్ కార్డులు వ్యాపించినకొలది ఈ పద్దుల బలము హెచ్చెను. 1968లో అమెరికా కాంగ్రెసు విచారణ జరిపెను. 1970లో వెలువడిన చట్టము, తన్ను గూర్చిన వ్రాత యొక్క సారాంశమును తెలిసికొనుటకును, తప్పును ప్రశ్నించుటకును ప్రజలకు హక్కు నిచ్చెను. అయినను భర్త సంతకము లేనిదే భార్యకు కార్డీయని సంస్థలు పెక్కుండెను. స్త్రీపురుష భేదమును పాటింపరాదని 1974లోను, జాతిమత భేదమును పాటింపరాదని 1976లోను శాసనములైనవి.

1989లో ఫైకో అంకె వచ్చినది. 300 మొదలు 850 వరకు గల ఆ అంకె మనుష్యుని ముఖము చూడదు. కాని ఎన్నడును అప్పు చేయని పొదుపరికి అంకెయే లేకుండుట వింత! 2008 సంక్షోభానంతరము కార్డు సంస్థల వడ్డీలపై ప్రజాగ్రహము పెల్లుబికెను. 2009 చట్టము, వడ్డీ పెంచుటకు 45 దినముల ముందు తెలుపవలెనని నిర్బంధించెను.

భారతదేశమున సిబిల్ సంస్థ 2000లో ఏర్పడెను. పరపతి సమాచార సంస్థల చట్టము 2005లో వచ్చెను. ఏటేట ఒక నివేదికను ఉచితముగా నీయవలెనను నియమము 2017 జనవరి నుండి అమలైనది. ఫిర్యాదు 30 దినములలో పరిష్కృతము కానిచో దినమునకు 100 రూపాయలు పరిహారమీయవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించెను.

రాష్ట్రేతర ఆంధ్రులకు ఇందొక విశేషమున్నది. తెలుగువారు ఇంటిపేరును ముందుంచుదురు. తమిళనాట స్థిరపడినవారు కొందరు తండ్రిపేరి పొడియక్షరమునే వ్రాయుదురు. మహారాష్ట్రమున ఇంటిపేరు చివరకు చేరును. ఒకే మనిషి పేరు బ్యాంకున ఒక తీరుగను, ఇతర పత్రములలో మరొక తీరుగను ఉన్నచో పద్దులు తారుమారగుటకు అవకాశము కలదు.

పద్దు ఇతరుల చేతిలోనున్నను పేరు తనదే. దానిని చూచి దిద్దించుకొను హక్కు సామాన్యుల ఆగ్రహమువలన లభించినది. ఏటికొకమారైన దానిని వినియోగించుకొనుట ప్రతి కుటుంబమునకును శ్రేయస్కరము.