పురిటిగది గడప

వంగదేశపు జోలపాటలలో పసిపాపల కన్నులపైకి నిద్రను తీసుకొని వచ్చేవారికి దేవతానామాలు లేవు. వారిని మాసి, పిసి అని పిలుస్తారు. మాసి అంటే తల్లి తోబుట్టువు, పిసి అంటే తండ్రి తోబుట్టువు. మన వరసలలో పిన్ని, మేనత్త. స్త్రీల నోట తరతరాలుగా నిలిచిన ఈ పాటలకు సాహిత్యగౌరవం కలిగించినవారు రవీంద్రనాథ్ ఠాకూర్. వాటిపై ఆయన వ్యాసం 1894లో 'సాధన' పత్రికలో వెలువడింది. 1899లో యోగీంద్రనాథ్ సర్కార్ 'ఖుకుమణిర్ ఛడా' అనే సంకలనాన్ని ప్రకటించారు.

పాటలో నిద్రను తెచ్చే మాసి, పిసి ఇంటికి వచ్చినప్పుడు చేసే పని మాత్రం వేరు. బిడ్డ నిద్రలో ఉన్నాడని తెలిసినా ఒక్కసారి ఒడిలోకి తీసుకోవాలని వారి ముచ్చట. ఆ ముచ్చట తప్పని ఎవరూ అనలేరు. కానీ పాలు తాగి అప్పుడే కన్నుమూసిన బిడ్డను లేపితే, తిరిగి నిద్రపుచ్చవలసింది తల్లి. కాపురానికి వచ్చి ఏడాది తిరగని కోడలు, భర్తకు మేనత్త అయిన పెద్దావిడతో "ఇప్పుడు వద్దండీ" అనగలదా? ఉత్తర కలకత్తాలోని ఉమ్మడి కుటుంబాలలో ఈ మాట కోడలు అనవలసిన అవసరమే చాలాకాలం రాలేదు. ఆ మాటను ఆమె తరఫున ఆచారం అనేది.

ఆచారానికి కేంద్రం పురిటిగది. బెంగాలీలో దానిని ఆతుడ్ ఘర్ అంటారు. పల్లెలలో పెరటిలో వేసిన తాత్కాలికమైన పాక. నగరంలోని పెద్ద ఇళ్ళలో తరచుగా కింది అంతస్తులోని చీకటి గది. కులాన్నీ కుటుంబసంప్రదాయాన్నీ బట్టి పది రోజుల నుంచి నెల వరకు తల్లీబిడ్డలు అక్కడే ఉండాలి. వారిని తాకినవారు స్నానం చేయనిదే ఇంటిలోకి రాకూడదు. మన పురిటి మైల కూడా ఇటువంటిదే. ఈ కాలమంతా బంధువుల రాకపోకలకు ఒక పంచాంగం ఉండేది. ఆరవ రాత్రి షష్ఠీదేవి పూజ. ఆ రాత్రి విధాత వచ్చి శిశువు నుదుట రాత రాస్తాడని కలం, సిరా పెట్టి ఉంచుతారు. విధాత పనిచేసే వేళ మనుషులకు ప్రవేశం ఎక్కడిది? ఎనిమిదవ నాడు ఆట్‌కౌడే. వీధిలోని పిల్లలందరూ గుమికూడి, పురిటిగది గుమ్మం ముందు చాటలు వాయిస్తూ బిడ్డ క్షేమం అడుగుతారు. ఎనిమిది రకాల వేపుడు గింజలు, చిల్లర డబ్బులు పుచ్చుకొని వెళ్ళిపోతారు. వచ్చినవారు సంతోషంగా వెళ్ళారు, గడప మాత్రం దాటలేదు. ఈ వ్యాసకర్తకు అన్ని ఆచారాలలోకీ ఇదే తెలివైనదిగా కనిపిస్తుంది. చప్పుడుకు బిడ్డ లేచేవాడేమో గాని, చేతులు మారేవాడు కాడు.

పెద్దల ప్రేమకు ఆచారం మరొక దారి కూడా చూపింది. అమ్మమ్మలు, నాయనమ్మలు తమ పాత చీరలను పొరలుగా పరచి, సన్నని దారపుకుట్టుతో కాంథాలు కుట్టేవారు. ఎన్నో ఏళ్ళు ఉతికి ఉతికి మెత్తబడిన ఆ బట్టలోనే శిశువు నిద్రించేవాడు. ఎత్తుకొనకుండానే అవ్వ స్పర్శ అతనికి అందేది. గురుసదయ్ దత్ (1882–1941) సేకరించిన జానపద కళారూపాలలో కాంథాలకు విశిష్టస్థానం ఉంది.

నిద్రకు సంబంధించి బెంగాలీలో ఒక అందమైన మాట ఉంది, దేయాలా. పసిబిడ్డ నిద్రలో తనలో తాను నవ్వటం, పెదవి విరవటం దేయాలా. దేవతలు బిడ్డతో ఆడుకుంటున్నారని నమ్మకం. దేవుడు నవ్విస్తున్నాడని మన ఇళ్ళలో కూడా అంటారు. దేవుడు ఆడిస్తున్న బిడ్డను మధ్యలో ఎత్తుకొనటానికి ఏ పిసికి మాత్రం మనసొప్పుతుంది?

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే పురిటిగదికి అర్హతలేని కీర్తి కట్టబెట్టినట్లవుతుంది. బంధువులను ఆపిన ఆ గడపే గాలినీ వెలుతురునూ కూడా ఆపింది. లోపల నిప్పుల కుంపటి, పొగ, చెమ్మ. మంత్రసాని వెదురు బద్దతో బొడ్డుతాడు కోసేది. ధనుర్వాతంతో శిశువు బిగుసుకుపోతే 'పెంచో' అనే దుష్టశక్తి పట్టిందనేవారు. 1835లో కలకత్తా వైద్యకళాశాల స్థాపన తరువాత వైద్యుల దృష్టి ఈ గదిపై పడింది. 1860ల చివర యదునాథ్ ముఖోపాధ్యాయ్ 'ధాత్రీశిక్ష' రాశారు. కాదంబినీ గంగూలీ 1886లో వైద్యపట్టా పొంది అంతఃపురాలలోకి వెళ్ళారు. సుందరీమోహన్ దాస్ ఒక వృద్ధ మంత్రసాని దినచర్య పేరుతో గ్రంథమే రచించారు. దేశబంధు చిత్తరంజన్ దాస్ దానం చేసిన స్వగృహంలో 1926లో చిత్తరంజన్ సేవాసదన్ ఆరంభమైంది. పురుడు క్రమంగా ఇంటి నుంచి ఆసుపత్రికి తరలింది. ఎందరో తల్లులూ బిడ్డలూ దీనివల్ల బతికారు. అయితే ఆసుపత్రి నుంచి మూడవ రోజునో అయిదవ రోజునో తిరిగి వచ్చిన బాలింత నేరుగా పడకగదిలోకి వచ్చింది. పంచాంగం చెదిరింది. ఆ గదికి అటువంటి గడప లేదు.

ఎత్తుకొనే చేతులు ఎక్కువ కావటమే కష్టమని ఇంతసేపూ అనుకున్నాము. అదే కాలంలో, అదే హుగ్లీ తీరాన, ఎత్తుకొనే చేతులే లేని శిశువులూ ఉన్నారు. వారిలో మనవారి బిడ్డలు ఎందరో. టీటాగఢ్ మొదలైన చోట్ల జనపనార మిల్లులకు గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుంచి తెలుగు కుటుంబాలు వలస వెళ్ళాయి. అవి అప్పటి మద్రాసు రాజధానిలోనివి కనుక ప్రభుత్వపత్రాలలో వీరు 'మద్రాసీలు' అయ్యారు. బెంగాల్ పరిశ్రమలలో స్త్రీల శ్రమపై వైద్యురాలు డాగ్మర్ కర్జెల్ జరిపిన విచారణ 1923లో వెలువడింది. యంత్రాల హోరులో, నారధూళి మధ్య, గోనెసంచుల మీదా కండెల పెట్టెలలోనూ పసిపిల్లలు నిద్రిస్తూ ఉండటం అందులో నమోదయింది. మేనత్త ఊళ్ళో ఉంది. అమ్మమ్మ వందల కిలోమీటర్ల దూరాన ఉంది. పనికి వెళ్ళే తల్లులు బిడ్డలకు నల్లమందు పెట్టి పడుకోబెట్టే అలవాటును కార్మిక స్థితిగతులపై ఏర్పడిన రాయల్ కమిషన్ 1931 నివేదికలో ప్రస్తావించింది. లేపేవారు లేని నిద్ర అది. బెంగాల్ ప్రసూతి సౌకర్యాల చట్టం 1939లో వచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట శిశుగృహం ఉండాలని విధించింది. 1976లో ఆ సంఖ్యను ముప్పైకి తగ్గించారు. కానీ 1950ల తరువాత జనపనార మిల్లులలో స్త్రీల సంఖ్యే బాగా తగ్గిపోయింది. తెలుగు కుటుంబాలు మాత్రం బెంగాల్‌లో నిలిచాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల జాబితాలో స్థానం కల్పించటానికి ఆమోదం తెలిపింది.

ఈనాటి కోల్‌కతా ఫ్లాట్లలో బంధువులు మిఠాయి పెట్టెతో వస్తారు. అప్పుడే పుట్టిన శిశువు రోజుకు పదహారు గంటల దాకా నిద్రిస్తాడు కనుక, వారు వచ్చే వేళకు బిడ్డ నిద్రలో ఉండటమే సహజం. తల్లి సూటిగా వద్దనటం నేటికీ అరుదు. "డాక్టరుగారు వద్దన్నారు" అంటుంది. షష్ఠీదేవి, విధాత నిర్వహించిన పదవి ఇప్పుడు వైద్యునిది. దగ్గు ఉన్నవారు దూరంగా ఉండాలని, చేతులు కడుక్కొని తాకాలని, నిద్రించే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలని అతడు నిజంగానే చెబుతాడు; లేపవద్దని చెప్పినా చెప్పకపోయినా ఆ మాటను తల్లి అతని ఖాతాలోనే రాస్తుంది. అత్తగారు ఆమె పక్షాన నిలిస్తే పని మరింత తేలిక. "వాడు లేవగానే ముందు నీ చేతికే ఇస్తాను, కూర్చో" అని పెద్దావిడ ఒక్క మాట అంటే పిసి కుర్చీలో సర్దుకుంటుంది. కాదన్న మాట అందులో లేదు, వంతు మాత్రమే ఉంది.

పాత పంచాంగంలో చెక్కుచెదరకుండా మిగిలింది అన్నప్రాశన. మగబిడ్డకు ఆరవ లేదా ఎనిమిదవ నెల, ఆడబిడ్డకు అయిదవ లేదా ఏడవ నెల. ఆనాడు ఎవరినీ ఆపటం లేదు. అద్దెకు తీసుకున్న మండపంలో బిడ్డ ఒడి నుంచి ఒడికి తిరుగుతాడు. మేనమామ వెండి గిన్నెలో పాయసం పట్టుకొని ఎదురుచూస్తూ ఉంటాడు. అంత సందడిలో, తెల్లని టోపర్ కిరీటం పక్కకు ఒరిగి, బిడ్డ నిద్రపోతూ ఉండటం కూడా తరచుగా చూస్తాము.