కణం చిక్కదనం: ఒక్క అంకెకు లొంగని లెక్క

కోనసీమ కాలువలో గుర్రపు డెక్క అల్లుకుపోయిందంటే పడవ ముందుకు సాగదు. అదే కాలువలో చేపపిల్ల మాత్రం వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా పారేది గోదావరి నీరే. దారి మాత్రం వెళ్లేదాని పరిమాణాన్ని బట్టి ఉంటుంది. జీవకణం లోపలి పదార్థం ఎంత చిక్కన అన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు చాలాకాలం ఒక్క అంకెతో జవాబు వెతికారు. అలాంటి అంకె లేదు. ఏ అణువు, ఎక్కడ, ఎంత స్వేచ్ఛగా కదులుతోందన్నదే అసలు లెక్క. అందుకు ఒక బలమైన సాక్ష్యం హైదరాబాద్‌లోనే దొరికింది.

ఒక్క అంకె కోసం వెతకడానికి కారణం లేకపోలేదు. ద్రవం చిక్కబడేకొద్దీ, రేణువు పెద్దదయ్యేకొద్దీ దాని విసరణ (తనంత తాను వ్యాపించడం) నెమ్మదిస్తుందని ఐన్‌స్టీన్ 1905లో సూత్రం ఇచ్చాడు. అంటే రేణువు కదలికను కొలిస్తే ద్రవం చిక్కదనం తెలియాలి. నీటికి సరిపోయిన ఈ సూత్రం కణం దగ్గర తడబడింది. డీఎన్ఏ నిర్మాణాన్ని వెల్లడించడానికి మూడేళ్ల ముందు, 1950లో, ఫ్రాన్సిస్ క్రిక్, ఆర్థర్ హ్యూస్ కేంబ్రిడ్జిలో కోడి కణాల్లోకి అయస్కాంత రేణువులు చేర్చి, బయటి నుంచి తిప్పి చూశారు. వదిలేయగానే రేణువు కొంత వెనక్కి మళ్లింది. ఉత్త ద్రవమైతే అలా మళ్లదు. 1976 నాటికి కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాట్ వెబ్ బృందం మరో పద్ధతికి గట్టి పునాది వేసింది: అణువులకు వెలిగే గుర్తు తగిలించి, లేజర్‌తో ఒకచోట ఆ వెలుగు ఆర్పేసి, పక్కనున్నవి వచ్చి ఆ చీకటి చోటును ఎంతసేపట్లో నింపుతాయో చూడటం. ఈ పద్ధతితోనే 1987లో కేథరిన్ లూబీ-ఫెల్ప్స్ బృందం ఎలుక కణాల్లో పెద్ద అణువులు సూత్రం చెప్పినదానికన్నా ఎక్కువగా వెనకబడుతున్నాయని చూపింది. చిన్నవాటికి పల్చన, పెద్దవాటికి చిక్కన!

హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ)లో అమితాభ చటోపాధ్యాయ బృందం ఈ పద్ధతినే కణత్వచంలోని సెరటోనిన్ గ్రాహకం (సెరటోనిన్ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) మీద ప్రయోగించింది. త్వచం కింద ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగుల వల ఉంటుంది. ఆ వలను మందుతో సడలిస్తే, గ్రాహకాల విసరణ వేగంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కదలగలిగిన గ్రాహకాల వాటా మాత్రం పెరిగింది. దాంతోపాటే కణం లోపలికి సంకేతం అందించే సామర్థ్యమూ పెరిగిందని 2008లో ఆ బృందం ప్రచురించింది. వేగం ఒక్కదాన్నే కొలిచి ఊరుకుంటే ఈ సంగతి బయటపడేది కాదు.

తగిలించిన గుర్తే అణువు నడకను మార్చదా అని అడగవచ్చు. మార్చవచ్చు. కానీ అదే గుర్తుతో ముందూ వెనకా పోల్చినప్పుడు దాని భారం రెండు పక్కలా ఒకటే. మిగిలిన తేడా కణానిది. ఒక్క అంకె లేనప్పుడు కొలతలెందుకన్నది రెండో అభ్యంతరం. ఆమోదం పొందిన మందుల్లో దాదాపు మూడో వంతు ఈ సెరటోనిన్ గ్రాహకం చెందిన కుటుంబపు గ్రాహకాల మీదే పనిచేస్తాయి. వాటిలో ఎన్ని కదులుతున్నాయో, ఎన్ని చిక్కుకున్నాయో తెలిస్తేనే సంకేతం ఎక్కడ ఆగుతోందో అర్థమవుతుంది. పడవ ఆగినప్పుడు నీటిని తప్పుపట్టకుండా డెక్క ఎక్కడ పేరుకుందో చూసే కాలువగట్టు వివేకమే ఇక్కడా కావాలి.