కుక్కకు మందు, పిల్లికి విషము

కుక్కల, పిల్లుల వెండ్రుకల సందున గెంతుచు రక్తము పీల్చు చిన్న కీటకమునకు ఫ్లీ అని పేరు. దీనిని పిడుదుగా పొరబడరాదు. ఎదిగిన పిడుదునకు ఎనిమిది కాళ్ళు. అది చర్మమును కరచి పట్టుకొని కదలకుండును. ఫ్లీకి ఆరు కాళ్ళే, రెక్కలు లేవు. ఈ అల్పప్రాణిని చంపుటకు మానవుడు వాడిన మందుల చరిత్రలో పిల్లి పలుమారులు బలియైనది.

19వ శతాబ్దమున ఐరోపాలో డాల్మేషియా ప్రాంతపు ఒక చేమంతి జాతి పూవులను ఎండబెట్టి, పొడిచేసి చల్లెడివారు. అందలి పైరిత్రిన్లు కీటకములను చంపునుగాని, వెలుతురు తగిలిన త్వరలోనే విరిగిపోవును. వీని నిర్మాణమును గూర్చి స్టాడింగర్, రుజీకా అను రసాయన శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధనలు 1924లో వెలువడెను.

1939లో పాల్ ముల్లర్ డి.డి.టి.కి గల కీటకనాశక శక్తిని కనుగొనగా, ఆ పొడి కుక్కల మీదికిని వచ్చెను. పిల్లికి మాత్రమది పనికిరాలేదు. పిల్లి తన యొడలు తానే నాకి శుభ్రపరచుకొనును గదా! పైన చల్లినదెల్ల కడుపులోనికే పోవును.

1973లో ఇంగ్లండునందలి రోథాంస్టెడ్ పరిశోధనాలయమున మైకేల్ ఇలియట్ బృందము వెలుతురునకు నిలుచు పర్మెత్రిన్‌ను తయారుచేసెను. నాడీకణపు పొరలో సోడియము అయానులు పోవు ద్వారములు క్షణకాలము తెరచుకొని మూసికొనవలెను. పర్మెత్రిన్ వానిని మూయనీయదు. నాడి ఆగక సందేశములు పంపి, కీటకము వణకి చచ్చును. కుక్క శరీరము ఈ పదార్థమును వేగముగా విరిచి విసర్జించును గనుక దానికి సాధారణముగా ప్రమాదము లేదు.

తరువాత భుజముల నడుమ చర్మముపై కొన్ని చుక్కలు వేయు పద్ధతి వచ్చినది. మందు చర్మపు నూనెతో కలిసి ఒడలెల్ల వ్యాపించును. సౌకర్యమే, కాని ప్రమాదమును అందే దాగియున్నది. కుక్కలకై అమ్మెడి ఈ ద్రవములలో పర్మెత్రిన్ నూటికి 45 మొదలు 65 పాళ్ళ వరకు ఉండుట కలదు. 45 పాళ్ళ ద్రవము ఒక మిల్లీలీటరులో సుమారు 450 మిల్లీగ్రాములుండును. నాలుగు కిలోగ్రాముల పిల్లిపై అది పడినచో, కిలోగ్రామునకు నూరు మిల్లీగ్రాములు దాటును. కొన్ని గంటలలో చెవులు అదరును, ఒడలు వణకును, మూర్ఛలు వచ్చును. కుక్కకు వేసిన మందు ఆరకముందే దాని ప్రక్కన పండుకొన్న పిల్లికిని ఈ గతి పట్టవచ్చును. దీనికి ప్రత్యేకమగు విరుగుడు లేదు. గోరువెచ్చని నీటితో, సబ్బుతో కడిగి వెంటనే పశువైద్యుని కడకు తీసికొనిపోవలెను. సకాలమున చికిత్స జరిగినచో పెక్కు పిల్లులు కోలుకొనును.

పిల్లికే యేల? కాలేయము అనేక విషపదార్థములకు గ్లూకురోనిక్ ఆమ్లమును జోడించి బయటికి పంపును. పిల్లిలో ఈ పని మిక్కిలి మందము. అందుకు తోడ్పడు ఒక జన్యువు పిల్లిలో చెడిపోయి నిరర్థకముగా నున్నదని 2000లో అమెరికాయందు కోర్ట్, గ్రీన్‌బ్లాట్ అనువారు చూపిరి. వారు పరిశీలించినది పారాసెటమాల్ విషయము. పర్మెత్రిన్ విషమునకును ఈ లోపమే ముఖ్యకారణమని భావింపబడుచున్నది. తరతరములుగా మాంసమే తినిన జంతువునకు మొక్కల విషములను విరుచు సాధనములు అవసరపడకపోయి యుండవచ్చును.

2008లో చుక్కల మందులపై ఫిర్యాదులు పెరుగగా, 2009లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ విచారణకు పూనుకొనెను. చర్మపు మంట మొదలు మూర్ఛ, మరణముల వరకు అందు కలవు. కుక్క మందును పిల్లికి వాడుట, చిన్న కుక్కలకు హెచ్చు మోతాదు పడుట బయటపడగా, 2010లో జంతువు పేరు, బరువు స్పష్టముగా చీటీపై ముద్రింపవలెనని ఆ సంస్థ కోరెను.

1990ల దశాబ్దమున వచ్చిన ఫిప్రోనిల్ నాడీవ్యవస్థయందు వేరొక చోట పనిచేయును. దానిని పిల్లికి వాడవచ్చును. కుందేలునకు మాత్రము అదే ప్రాణాంతకము కావచ్చును.