శిల్పకళలో మానవ శరీర నిర్మాణ ఆధారాలు

శిల్పకళలో మానవ శరీర నిర్మాణ ఆధారాలు అనగా మనిషి రూపాన్ని మట్టిలో, రాతిలో లేదా లోహంలో మలచునపుడు శిల్పి సరిచూచుకొనే కొలతల గ్రంథాలు, శరీరశాస్త్ర పటాలు, ప్రాచీన శిల్పాలు, ఛాయాచిత్రాలు, సజీవ వ్యక్తులు. చిత్రకారుడు ఒకవైపు నుండి కనిపించే రూపాన్ని సాధిస్తే చాలును. శిల్పం చుట్టూ చూపరులు తిరుగుతారు గనుక ముందు, వెనుక, పక్కలు అన్నియు పొసగవలెను. ఏ ఒక్క ఆధారమూ ఇందుకు చాలదు. నిష్పత్తికి తాలమానం, నిర్మాణానికి శరీరశాస్త్రం, కదలికకు సజీవ వ్యక్తి, పోలికకు ఛాయాచిత్రం ఉపయోగపడతాయి. ఒకదానితో చేయవలసిన పనిని వేరొకదానితో చేయుట వల్లనే విగ్రహాలు ఎక్కువగా చెడిపోతాయి.

తాలమానం

భారతీయ శిల్పశాస్త్రంలో ప్రతిమల కొలతల పద్ధతిని తాలమానం అంటారు. 12 అంగుళాలు ఒక తాలం. ఇది ప్రతిమకు చెందిన కొలత. గజం బద్దపై ఉండే అంగుళం కాదు. వరాహమిహిరుని బృహత్సంహిత, విష్ణుధర్మోత్తర పురాణం, మానసారం, మయమతం, శుక్రనీతి మొదలగు గ్రంథాలలో ఈ కొలతలు కలవు. టి.ఎ.గోపీనాథరావు వ్రాయగా 1920లో భారత పురావస్తు శాఖ వెలువరించిన తాలమాన గ్రంథం ఆధునిక పాఠకులకు మంచి ప్రవేశిక.

నవతాల ప్రతిమ ఎత్తు 108 అంగుళాలు. అబనీంద్రనాథ్ ఠాగూర్ 1914లో భారతీయ కళలోని శరీర నిర్మాణంపై వ్రాసిన వ్యాసంలోని విభజనను అంగుళాలలో చెప్పుకొంటే ఇలా ఉంటుంది:

* శిరస్సు పైభాగం – 3
* ముఖం – 12
* మెడ – 3
* మెడ నుండి వక్షం – 12
* వక్షం నుండి నాభి – 12
* నాభి నుండి కటి – 12
* కటి నుండి మోకాలు – 24
* మోకాలు – 3
* మోకాలి దిగువ నుండి చీలమండ – 24
* పాదం – 3

విద్యార్థులు తాలమును, తలను ఒకటిగా భావించే ప్రమాదం కలదు. తాలం ముఖపు కొలత మాత్రమే. శిరస్సు పైభాగాన్ని కలిపితే తల 15 అంగుళాలు అవుతుంది. 108ని 15తో భాగించగా 7.2 వస్తుంది. పాశ్చాత్య చిత్రకళా పాఠాలలో మనిషి ఎత్తును సుమారు ఏడున్నర తలలుగా చెబుతారు. కనుక నవతాలం సహజమైన మనిషి కొలతకు దగ్గరగానే ఉన్నది. తాలం అంటే తల అనుకొని తొమ్మిది తలల ఎత్తు మలచినచో విగ్రహం సన్నగా, చిన్న తలతో తయారవుతుంది.

తాలమానం నిష్పత్తిని తెలుపుతుంది గాని చర్మం కింద ఏ కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కొన్నదో తెలుపదు. శాస్త్రకారులు అవయవాల ఆకృతిని ఉపమానాలతో సూచించారు. అబనీంద్రనాథ్ వాటిని బొమ్మలతో వివరించాడు: మెడకు శంఖం, మొండెమునకు గోముఖం, మోకాలిచిప్పకు పీత డిప్ప, పిక్కకు గుడ్లతో నిండిన చేప. దివిసీమ పిల్లలకు చివరి రెండింటిని వేరుగా వివరించనవసరం లేదు. శాస్త్రపు కొలతలు పూజా ప్రతిమలకేనని, ఇతర శిల్పాలలో కళాకారునికి స్వేచ్ఛ కలదని కూడా అతడు స్పష్టపరచాడు.

కృష్ణా తీరపు శిల్పాలు

మోపిదేవి ఆలయంలో సుబ్రహ్మణ్యేశ్వరుడు లింగరూపంలో పూజలందుకొంటాడు. కాబట్టి మానవ దేహం మలచుటకు ఆధారం వెదకేవారు అక్కడి మూలమూర్తిని గాక పొరుగునున్న ఘంటసాలను చూడవలెను. ఘంటసాల ప్రాచీన బౌద్ధక్షేత్రం. అక్కడి శిల్పాలు అమరావతి శైలికి చెందినవి. పొడవైన కాళ్ళు, సన్నని నడుము, ఒకరినొకరు ఒరసుకొని కదిలే గుంపులు ఈ శైలి లక్షణాలు. కండరాలను విడివిడిగా చూపకుండానే శరీరపు బరువు ఏ కాలిపై ఉన్నదో తెలియజేయుట ఈ శిల్పుల ప్రత్యేకత.

ఈ శిలలలో పెక్కు స్థానికులకు దూరమైనవి. 1830 ప్రాంతంలో రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్ని అమరావతి ఫలకాలను మచిలీపట్నం తెప్పించి, తన పేరుతో వెలసిన రాబర్ట్‌సన్‌పేట బజారులో అలంకారంగా నిలిపించాడు. అవి తరువాత మద్రాసు చేరాయి. నేడు అమరావతి శిల్పాలలో ముఖ్యమైనవి చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోను, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. చెన్నై ఫలకాలపై సి.శివరామమూర్తి 1942లో వెలువరించిన గ్రంథం నేటికీ ప్రామాణికం. అమరావతి మ్యూజియం, విజయవాడ బాపు మ్యూజియం ఈ ప్రాంతపు విద్యార్థులకు దగ్గరలో ఉన్నవి. ఇవి లోతు తక్కువ గల ఫలకాలు గనుక వీటినుండి భంగిమను, కూర్పును నేర్వవచ్చును. వీపు, పక్క భాగాలకు వేరే ఆధారం తప్పనిసరి.

కళాశాలలలో రెండు మార్గాలు

1910లో మచిలీపట్నంలో స్థాపించబడిన ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాల్ శైలి చిత్రకారుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రకళ బోధించాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. ఈ శైలి ప్రాచీన శిల్పాలను, కుడ్యచిత్రాలను గురుస్థానంలో నిలిపింది. ఇదే కాలంలో రాజమహేంద్రవరానికి చెందిన దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. కళాశాలలో సజీవ వ్యక్తులను ఎదుట ఉంచుకొని గీయుటలో శిక్షణ పొందాడు.

ఈ రెండు మార్గాలు పరస్పర విరుద్ధమైనవి కావని దేవీప్రసాద్ రాయ్ చౌధురి జీవితం తెలుపుతుంది. ఆయన చిత్రకళలో అబనీంద్రనాథ్ శిష్యుడు. 1929 నుండి 1957 వరకు మద్రాసు కళాశాలకు అధిపతిగా ఉండి తెలుగు విద్యార్థులకు కూడా బోధించాడు. చెన్నై మెరీనా తీరంలోని ఆయన శ్రామిక విజయ శిల్పంలో బండను కదిలించే నలుగురు మనుషుల వీపులు, భుజాలు, పిక్కలు బిగిసిన తీరు శరీరశాస్త్ర పాఠం వంటిది.

శరీరశాస్త్ర గ్రంథాలు

శవాన్ని నీటిలో నానబెట్టి పొరలు పొరలుగా పరిశీలించు విధానం సుశ్రుత సంహితలో కలదు. ఐరోపాలో 1543 నాటి వెసాలియస్ గ్రంథం వైద్యులకు, కళాకారులకు సమానంగా ఉపకరించింది. ఫ్రెంచి శిల్పి ఊదోఁ 1767లో చర్మం తీసిన మనిషి రూపాన్ని నమూనాగా మలచాడు. దాని ప్రతులు కళాశాలలన్నిటా వ్యాపించాయి. 1858లో వెలువడిన గ్రే శరీరశాస్త్రానికి బొమ్మలు గీసిన హెన్రీ వాండైక్ కార్టర్ తరువాత బొంబాయి గ్రాంట్ వైద్య కళాశాలలో పనిచేశాడు. ఈ గ్రంథపు 1918 అమెరికా ముద్రణలోని పటాలు కాపీహక్కులు లేనివి గనుక ఉచితంగా లభిస్తాయి.

వైద్య గ్రంథాలు నరాలను, రక్తనాళాలను కూడా వివరిస్తాయి. శిల్పికి ముఖ్యమైనవి ఎముకలు, పైపొర కండరాలు, కొవ్వు నిల్వలు. వీటికై ప్రత్యేకించి వ్రాసిన వాటిలో పాల్ రిషే (1890), స్టీఫెన్ రోజర్స్ పెక్ (1951), ఎలియట్ గోల్డ్‌ఫింగర్ (1991) గ్రంథాలు ప్రసిద్ధమైనవి. ఉల్డిస్ జారిన్స్ గ్రంథం (2014) శిల్పుల కొరకే రూపొందినది. దేహాన్ని సరళమైన ఘనరూపాలుగా విభజించి చూపుతుంది.

సజీవ ఆధారాలు

శవంలో కండరాలు సడలి ఉంటాయి. బరువు మోసే చేతికి, ఖాళీ చేతికి గల తేడా సజీవ దేహంలోనే తెలుస్తుంది. వల విసిరే మత్స్యకారుల భుజాలు, నాట్లు వేసే కూలీల వీపులు, బస్తాలు మోసే హమాలీల పిక్కలు డెల్టాలో నిత్యం కనిపించే పాఠాలు. కూచిపూడి గ్రామంలోని నాట్య శిక్షణలో సమభంగ, ఆభంగ, త్రిభంగ స్థితులను కదలికలోనే చూడవచ్చును. బరువు మోసే కాలివైపు కటి పైకి లేస్తుంది; సాధారణంగా ఆవైపు భుజం కిందికి దిగుతుంది. ఛాయాచిత్రం తీయుటకు, కొలతలు తీసుకొనుటకు ఆ వ్యక్తి అనుమతి తప్పక పొందవలెను.

ఛాయాచిత్రాలు, పోలిక విగ్రహాలు

గ్రామకూడళ్ళలో ప్రతిష్ఠించే నాయకుల విగ్రహాలకు తరచుగా ఒక్క ఛాయాచిత్రమే ఆధారమవుతుంది, అదీ ముందువైపుది. ముక్కు ఎత్తు, గడ్డం ముందుకు వచ్చిన తీరు, తల వెనుక భాగపు గుండ్రదనం అందులో తెలియవు. అందువలన ఎదుటినుండి పోలిక ఉన్నట్లు తోచిన విగ్రహం పక్కనుండి మరొకరిదిగా కనిపిస్తుంది. కంచు పోసిన పిదప దీనిని సరిదిద్దుట దుస్సాధ్యం. ఆ ముఖమే రాబోవు తరాలకు నాయకుని ముఖమవుతుంది. మట్టి నమూనా దశలోనే పక్క ముఖపు ఛాయాచిత్రాన్ని, చలనచిత్ర దృశ్యాలను సంపాదించి, ఆ వ్యక్తిని ఎరిగిన వారికి చూపుట మేలు. దగ్గరగా నిలిచి తీసిన ఛాయాచిత్రంలో ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి గనుక దూరం నుండి తీసిన వాటినే కొలతలకు ఎంచుకోవలెను. కృత్రిమ మేధతో సృష్టించిన చిత్రాలు నిజమైన దేహాన్ని చూచి తీసినవి కావు. వాటిని ఆధారంగా స్వీకరించరాదు.

ఆధారాన్ని పరీక్షించు పద్ధతి

ఏ పటాన్నైనను నమ్ముటకు ముందు కొన్ని సులభ పరీక్షలు చేయవచ్చును. అరచేయి మణికట్టు నుండి నడివేలి కొన వరకు సుమారు ముఖమంత ఉంటుంది. చాచిన చేతుల వెడల్పు దాదాపు ఎత్తుకు సమానం. లోపలి చీలమండ వెలుపలి దానికన్నా పైన ఉంటుంది. అప్పుడే పుట్టిన శిశువు ఎత్తులో తల సుమారు నాలుగవ వంతు; కావున పెద్దల కొలతలను తగ్గించి బాలకృష్ణుని మలచరాదు. ఒంటికాలిపై బరువు వేసి నిలిచిన మనిషి మెడ గుంట నుండి గుండు కట్టిన దారం వ్రేలాడదీసినచో అది బరువు మోసే పాదం దాపున పడుతుంది. ఈ పరీక్షలకు తన దేహము, ఒక అద్దము, ఒక దారము ఉన్న విద్యార్థికి వేరొక పరికరం అవసరం లేదు.