వేషం నుంచి మనసుకు: తెలుగు కథలో పాత్ర ఎదిగిన తీరు

కథ మొదట్లో కనిపించిన మనిషి చివరికి అదే మనిషిగా మిగలకపోవడాన్ని పాత్ర ఎదుగుదల అంటారు. తెలుగులో ఈ మార్పు తొలుత వేషంలో కనిపించేది. తర్వాత అది మాటలోకి, మనసులోకి చేరింది.

వేషంతో చూపే పద్ధతి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఇప్పటికీ సజీవంగా ఉంది. పాత చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర వేసవిలో భారతం ఉత్సవం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు నాడు పాత్రధారి పద్యాలు పాడుతూ తపసు మాను అనే ఎత్తయిన స్తంభం ఎక్కుతాడు. పైనుంచి అతడు విసిరే నిమ్మకాయలు, విభూతి కోసం పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద కాచుకుని ఉంటారు. నిన్నటి విలుకాడు వాళ్ల కళ్లకు ఇవాళ తపస్వి. చివర్లో నేలమీద మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ బొమ్మ తొడను భీముడు పగలగొడతాడు. ద్రౌపది అక్కడి నెత్తురులాంటి ఎర్రనీళ్లు తలకు రాసుకుని జుట్టు ముడుస్తుంది. పరాభవం, పగ, తీరిన శపథం అన్నీ ఆ జుట్టులోనే కనిపిస్తాయి. జుట్టు ముడవనన్న ఈ శపథం వ్యాసుడి మూలంలో లేదు. వేణీసంహారం వంటి నాటకాల్లో ఉంది.

కావ్యంలో మార్పును చూపే పని మాట చేసింది. 13వ శతాబ్దంలో విరాటపర్వంతో భారత రచన మొదలుపెట్టిన తిక్కన, కీచకుడి ఘట్టంలో ద్రౌపది భయాన్నీ కోపాన్నీ సంభాషణలతోనే పట్టి చూపాడు.

ఆధునిక రచనలో మలుపు కన్యాశుల్కంతో వచ్చింది. గురజాడ ఈ నాటకాన్ని 1897లో అచ్చువేయించి, బాగా మార్చి 1909లో మళ్లీ ప్రచురించాడు. రెండో కూర్పులో వేశ్య మధురవాణి పాత్ర విస్తరించింది. లౌక్యంతో మగవాళ్లను ఆడించిన మనిషి చివరికి ఆ వృత్తినే వదలడానికి సిద్ధపడుతుంది. మాటకారి మోసగాడు గిరీశం మాత్రం గుట్టు రట్టయినా మారడు. మారే పాత్ర పక్కన మారని పాత్ర ఉండటం వల్లే ఇద్దరూ స్పష్టంగా కనిపిస్తారు.

నవల ఈ మార్పును మరింత లోపలికి తీసుకుపోయింది. గోపీచంద్ అసమర్థుని జీవయాత్రలో సీతారామారావు ఎదగడు, కుంగిపోతాడు. పతనం కూడా పాత్ర పరిణామమేనని ఆ నవల చూపింది. బుచ్చిబాబు చివరకు మిగిలేదిలో దయానిధి తల్లి మీద లోకం వేసిన నిందను మోస్తూ అర్థం వెతుక్కుంటాడు. ఇక్కడ సంఘటన కంటే దాన్ని తలపోసే మనసే ముఖ్యం.

చిత్తూరు సీమ కథకులు ఆ మనసును పల్లెకు చేర్చారు. సాహిత్య అకాడమీ పురస్కారం 1993లో పొందిన మధురాంతకం రాజారాం బడిపంతుళ్లను, రైతులను నిదానంగా గమనించి రాశాడు. చిన్న కథలో జీవితమంతా పట్టదు కాబట్టి, మనిషి ఆలోచన మళ్లే ఒక్క ఘడియ చాలు. నామిని సుబ్రమణ్యం నాయుడు పచ్చనాకు సాక్షిగా కథల్లో చెప్పే గొంతే పిల్లవాడిది, భాష ఇంట్లో మాట్లాడుకునే యాస. పిల్లవాడు తనకు తెలిసిందే చెబుతాడు. తెలియనిది చదివేవారికి అర్థమవుతుంది. జుట్టు ముడిలో కనిపించిన మార్పు ఇక్కడ చెప్పే తీరులోనే ఇమిడిపోయింది.