అంబాసిడర్ గుండె మార్చాలా, బాగు చేయించాలా?

మా వెల్గటూర్ వాళ్ళకు చరిత్ర అనగానే కోటిలింగాల గుర్తొస్తుంది. శాతవాహనుల నాణేలు దొరికిన ఊరు మా మండలంలోనే ఉందని గర్వంగా చెప్పుకుంటాం. నేను చెప్పబోయే చరిత్ర అంత పాతది కాదు. మా వాకిట్లో నిలబడి ఉన్న 1988 మోడల్ అంబాసిడర్ డీజిల్ కారుది. మా మామ కొన్న బండి అది.

రెండేళ్ళుగా నీలిపొగ వదులుతోంది. వారానికోసారి ఆయిల్ పోయాలి. చలికాలం పొద్దున స్టార్ట్ కావాలంటే నలుగురు నెట్టాలి. "గిది ఇంక ఆగది వదినె, ఇంజినే మార్చాలె" అన్నాడు మెకానిక్. మా అబ్బాయి పాతసామాను కింద అమ్మేయమంటాడు. అత్తమ్మ ఆ మాటే విననంటుంది. డబ్బు మాత్రం బిడ్డ హాస్టల్ ఫీజుకని పక్కన పెట్టిందే తీయాలి. అందుకే తొందరపడకుండా ఈ కారు సంగతేంటో తెలుసుకుందామని కూర్చున్నాను.

తెలుసుకుంటే నవ్వొచ్చింది. మాకొచ్చిన సందేహమే ఆ కంపెనీకీ మళ్ళీ మళ్ళీ వచ్చింది. 1942లో బిర్లాలు పెట్టిన హిందుస్థాన్ మోటార్స్, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో అంబాసిడర్‌ను తెచ్చింది. మొదట పాతకాలపు సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేది. కొద్దికాలానికే దాన్ని తీసేసి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ పెట్టారు. అది ముప్పై ఏళ్ళకు పైగా నడిచింది. 1980 ప్రాంతంలో అదే సీసీతో డీజిల్ ఇంజిన్ వచ్చింది. 1990ల్లో జపాను ఇసుజు ఇంజిన్లు వచ్చాయి. పైన రేకు దాదాపు అదే, లోపల గుండె మాత్రం మారుతూ పోయింది. చీర పాతదే, జాకెట్టు కొత్తది కుట్టించుకున్నట్టు!

డీజిల్ వచ్చిన రోజుల్లో పెట్రోలుకు, డీజిల్‌కు ధరలో తేడా బాగా ఉండేది. అందుకే చాలామంది పెట్రోలు అంబాసిడర్లలో డీజిల్ ఇంజిన్లు వేయించారు, మెటడార్ వ్యాను ఇంజిన్ కూడా. కిరాయిలకు తిరిగే బండ్లకు అది లెక్కకు సరిపోయే పనే. నెలకు రెండుసార్లు ధర్మపురి, ఎప్పుడైనా పెళ్ళికి కరీంనగర్ పోయే మాలాంటి వాళ్ళకు ఆ ఖర్చు ఎన్నేళ్ళకు తిరిగొస్తుంది?

మెకానిక్ చెప్పింది సెకండ్‌హ్యాండ్ ఇసుజు డీజిల్ ఇంజిన్ సంగతి. బలమైనదే, కాదనను. కానీ దానికి తగ్గ గేర్‌బాక్సు కావాలి, మౌంటింగులు మార్చాలి. బ్రేకులేమో పాత చిన్న ఇంజిన్ నాటివి. పైగా ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా మార్చకూడదు. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట చూసేది ఆ నంబరే.

రిపేరు సంగతి వేరు. ఈ ఇంజిన్ బ్లాకు గట్టి పోత ఇనుము. సిలిండర్లు అరిగితే కొంచెం బోరు కొట్టి పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. మాది మామ ఉన్నప్పుడే ఒకసారి అయింది. మళ్ళీ కొట్టడానికి మందం లేకపోతే స్లీవ్‌లు దించుతారు, అప్పుడు బోరు మొదటి సైజుకే వస్తుంది. ఈ మాట విన్నాక నాకు సగం ధైర్యం వచ్చింది.

అయితే కొలవకుండా ఎవరూ చెప్పలేరు కదా. "ముందు హెడ్డు విప్పి చూపించు తమ్మీ, బ్లాకు పగిలితే ఇంజిన్ మారుద్దాం, లేకుంటే స్లీవ్‌లే" అన్నాను. మా ఆయన నా వైపు వింతగా చూశారు. తెలుగు బి.ఏ. చదివిన మనిషి క్రాంక్ షాఫ్ట్ గురించి అడిగితే ఎవరైనా చూస్తారు లెండి.

విప్పారు. బ్లాకుకు పగుళ్ళు లేవు. క్రాంకును కొద్దిగా గ్రైండింగ్ చేస్తే చాలన్నారు. ఇసుజు ఇంజిన్‌కు చెప్పిన దాంట్లో సగం కన్నా తక్కువలో తేలింది, ఫీజు డబ్బులో కొంతే కదిలింది. కంపెనీ 2014లో ఉత్తర్‌పారాలో తయారీ ఆపేసినా, పిస్టన్లు, రింగులు కరీంనగర్‌లోనే దొరికాయి.

ఇప్పుడు కొత్త రింగులు కుదురుకునే దాకా నలభై దాటి నడపొద్దన్నారు. అత్తమ్మకు ఆ స్పీడే ఇష్టం. మా అబ్బాయి మాత్రం బస్సులో పోతానంటున్నాడు.