పల్నాడు: ఉత్పత్తుల విస్తరణ

కృష్ణకు కుడి ఒడ్డున మాచర్ల, గురజాల, నరసరావుపేటల చుట్టూ ఉన్న పల్నాడు చిరకాలం మెట్టసీమ. శ్రీనాథుడి పేరిట వాడుకలో ఉన్న చాటువుల్లోనూ ఇక్కడి తిండి జొన్నకూడే. ఈ ప్రాంతం కొత్త ఉత్పత్తుల్లోకి అడుగుపెట్టింది రెండింటి ఆధారంగా: నేలలోని సున్నపురాయి, నాగార్జునసాగర్ నీరు.

పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందింది. బట్టీలోకి పైనుంచి రాయినీ బొగ్గునూ వరసలుగా పోసి, కాలిన సున్నాన్ని అడుగునుంచి లాగుతారు. 1958లో మాచర్లలో సున్నపురాయితో సిమెంటు తయారీ మొదలైంది. ఆ కర్మాగారం పెట్టిన కేసీపీ, డెల్టాలోని ఉయ్యూరులో చక్కెరతో నిలదొక్కుకున్న వెలగపూడి రామకృష్ణ సంస్థ. గుంటూరు-మాచర్ల రైలు మార్గం అప్పటికే ఉంది. దేశాలు ఎక్కువగా తమకు చేతనైనవాటికి దగ్గరి వస్తువులకే మళ్లుతాయని హిడాల్గో, హౌస్‌మన్‌ల పరిశోధక బృందం 2007లో చూపింది. పల్నాటి సిమెంటుకు ఈ సూత్రం సగమే వర్తిస్తుంది: రాయి ఇక్కడిదే, పెట్టుబడి మాత్రం బయటినుంచి వచ్చింది. బట్టీ కూలీ పనితనానికి సిమెంటు కర్మాగారంలో పెద్దగా చోటు లేదు.

పంటల కథ వేరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ కింద వరితోపాటు పత్తి, మిరప విస్తరించాయి. పత్తి వెంట జిన్నింగు, ఆపైన చిలకలూరిపేట, గణపవరం ప్రాంతంలో నూలు మిల్లులు వచ్చాయి. కానీ 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టింది. అప్పులపాలై ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్క పంటనే నమ్ముకుంటే ఎంత ప్రమాదమో అంత క్రూరంగా తెలిసిన సందర్భం ఇక్కడ మరొకటి లేదు.

మిరపలో మార్పు మెల్లగా, ఎక్కువ లోతుగా జరిగింది. కల్లాల్లో ఆరబెట్టి, తాలుకాయ ఏరి, టిక్కీలకు (బస్తాలకు) ఎత్తి గుంటూరు మిర్చి యార్డుకు తోలడంతోనే ఒకప్పుడు రైతు పని ముగిసేది. కోల్డ్ స్టోరేజీలు వచ్చాక కాయ రంగు చెడకుండా ధర కోసం ఆగే వీలు కలిగింది. తొడిమలు తీసే పని వేలమంది ఆడవాళ్లకు కూలి అయింది. తర్వాత కారప్పొడి, కాయలోని రంగూ ఘాటూ వేరుచేసి తీసే సారమైన ఓలియోరెజిన్ వచ్చాయి. యడ్లపాడు మండలంలో స్పైసెస్ పార్కు వెలిసింది; 2022 నవంబరులో ఆ మండలంలోని వంకాయలపాడులోనే ఐటీసీ సుగంధద్రవ్యాల శుద్ధి కర్మాగారం ప్రారంభమైంది.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లాలోని నూలు మిల్లులు, మసాలా కర్మాగారాలు ఎక్కువగా తూర్పున, జాతీయ రహదారి చుట్టుపక్కలే ఉన్నాయి. మాచర్ల, గురజాల వైపు మిరప, పత్తి ఇప్పటికీ చాలావరకు ముడిసరుకుగానే లారీ ఎక్కుతున్నాయి.